వార్ధా తీరపు భర్మారు: తుపాకి నింపు చేతి చరిత్ర

ఆయుధముల చరిత్ర యనగానే రాజుల యుద్ధములును, కోటల ముట్టడులును, ఫిరంగుల మ్రోతలును స్మరణకు వచ్చుట సహజము. కాని తుపాకి చరిత్రలో యుద్ధభూమికి వెలుపల నడచిన భాగ మొకటి కలదు. అడవియంచున నుండు రైతు పంటకాపునకును, వేటగాడు మృగమునకును, గుఱికాడు లక్ష్యశుద్ధికిని తన తుపాకిలోని మందును, గుండును తానే కొలిచి, తన చేతితోనే నింపుకొనిన చరిత్ర అది. నింపుట యను ఈ చిన్నపని చుట్టును ఎన్ని చట్టములు పుట్టినవో, ఎన్ని తిరుగుబాటులు దానివలన నిలిచి, దాని లేమివలన కూలినవో విచారించినచో, తుపాకి యెవరి చేత నున్నదను ప్రశ్నకంటె, దానిని నింపు నేర్పెవరి చేత నున్నదను ప్రశ్నయే ముఖ్యమైనదని తోచును.

ఈ విచారమునకు సాస్తి తగిన స్థానము. సాస్తి నేటి మహారాష్ట్రములో చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలోని బొగ్గుగనుల గ్రామము. వార్ధానదికి ఒక దరిని రాజురా సీమ, ఆవలిదరిని గోండురాజుల కోట గల బల్లార్‌పూర్. ఈ వార్ధయే దిగువను వైనగంగతో గలిసి ప్రాణహిత యగును. ప్రాణహిత కాళేశ్వరముకడ గోదావరిలో గలియును. 1956 నవంబరు 1 వ తేదీ వఱకు రాజురా తాలూకా హైదరాబాదు రాజ్యములోని ఆదిలాబాదు జిల్లాకు చెందియుండెను. ఆనాటి రాష్ట్రముల పునర్విభజనలో అది బొంబాయి రాష్ట్రమునకును, 1960 మే 1 న మహారాష్ట్రమునకును చెందినది. ఆవలిదరిదైన చాందా ప్రాంతము నాగపూరు భోంస్లేల పాలననుండి 1854 లో ఇంగ్లీషువారి చేతికి బోయి, 1861 లో ఏర్పడిన మధ్యపరగణాలలో భాగమైనది. కావున నూఱేండ్లపాటు ఈ నది రెండు రాజ్యములకు, రెండు చట్టములకు ఎల్లగా నుండెను. ఒక దరిని నేరమైనది రెండవదరిని నేరము కాకపోవుట యిచ్చటి జనులకు ఎఱుకలోని విషయమే. తెలుగు, మరాఠీ, గోండీ భాషలు ఇచ్చట కలిసి బ్రతుకుచున్నవి. వానితోపాటు వేటమాటలును కలిసిపోయినవి.

భర్మారు స్వరూపము

తెలంగాణపు అడవులలోను, చాందా సీమలోను నాటు తుపాకికి 'భర్మారు' అను పేరు ప్రసిద్ధము. 'భర్' అనగా నింపుట, 'మార్' అనగా కొట్టుట. నింపి కొట్టునది గనుక భర్మారు. ఆయుధపు పేరులోనే దానిని వాడు విధానము నిలిచియుండుట విశేషము. గొట్టము మూతినుండి మందు పోసి, దానిపై గుడ్డపేలికయో, కొబ్బరిపీచో దట్టించి, పిదప సీసపుగుండును గాని చిఱుగుండ్లను గాని విడిచి, గజముతో మరల దట్టించుట దాని రీతి. వెనుకటి కాలమున చెవికడ రంజకము పోసి, వత్తితోనో చెకుముకి రాతితోనో నిప్పు ముట్టించెడివారు. స్కాట్లండు దేశపు మతగురువు అలెగ్జాండర్ ఫోర్సైతు 1807 లో దెబ్బకు మండు రసాయనమును తుపాకికి జతపఱచు ఉపాయమునకు హక్కుపత్రమును బడసినాడు. దానినుండి పుట్టిన రాగి టోపి 19 వ శతాబ్ది మధ్యమునకు చెకుముకి రాతిని తొలగించినది. వానకాలమున రంజకము తడిసి తుపాకి మూగవోవు చిక్కు దీనితో చాలవఱకు తీరినది.

మందున కావశ్యకములైనవి మూడు: సురేకారము, గంధకము, బొగ్గు. వీనిలో సురేకారము పాలు పెద్దది. పాతగోడల మంటిని, పశువుల కొట్టముల మంటిని నీట నానవేసి, ఆ నీటిని వడగట్టి కాచి, చల్లార్చి సురేకారపు కండ్లు తీయుట తెలుగునాట బహుకాలముగ నెఱిగిన వృత్తి. బొగ్గునకు తేలికకఱ్ఱ శ్రేష్ఠము. గంధకము మాత్రము అంగడినుండి రావలెను. మూడింటిలో రెండు గ్రామమునందే లభించుటచేత, తుపాకిమందు చాలకాలము గ్రామస్థుని చేతిలోని వస్తువుగానే యుండెను. సీసమును కరగించి గుండుపోయుటకు రాతిమూసయో, ఇనుపమూసయో చాలును. గొట్టమును కమ్మరి చేసెడివాడు.

ఇందలి నేర్పు కొలతయందున్నది. మందు తక్కువైనచో గుండు మృగమును గాయపఱచి విడుచును. ఎక్కువైనచో గొట్టము పగిలి కొట్టినవానినే కొట్టును. గుండు వదులైనచో గుఱి తప్పును, బిగువైనచో దిగదు. ప్రతి తుపాకికి దాని స్వభావము వేఱు. అందుచే ఒకని తుపాకికి మఱియొకడు మందు పోయుట మంచిది కాదను జాగ్రత్త వేటగాండ్రలో నుండుట సహజమే.

ఈ దట్టించుటను గూర్చిన జాగ్రత్త వేటకు మాత్రమే పరిమితము కాదు. పూర్వపు బొగ్గుగనులలో సైతము రంధ్రము దొలిచి, నల్లమందు నింపి, మట్టితో దట్టించి పేల్చెడివారు. ఇనుపకడ్డీతో దట్టించిన నిప్పురవ్వ లేచునని రాగికడ్డీని, కఱ్ఱను వాడవలసినదిగ నియమములు పుట్టినవి. నల్లమందు మంట గనిలోని వాయువును, బొగ్గుధూళిని అంటుకొనజేయుననియే, తరువాతి కాలమున గనులకు ప్రత్యేకముగ అనుమతింపబడిన ప్రేలుడు పదార్థములు ఏర్పడినవి. సాస్తివంటి గనిగ్రామమున నివసించువారికి మందు దట్టించుట యెంత ప్రమాదకరమైన విద్యయో వివరించి చెప్పనక్కఱలేదు.

గోదావరి సీమలో ఆయుధపు పని

ఈ సీమకు ఇనుపపని కొత్తగాదు. నేటి నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రపు ఉక్కు జగద్విఖ్యాతము. 19 వ శతాబ్ది ప్రథమార్ధమున హెన్రీ వాయిసీ అను శాస్త్రజ్ఞుడు అచ్చటి మూసలను, కొలుములను చూచి వర్ణించెను. పారశీకపు వర్తకులు అంతదూరము వచ్చి ఆ ఉక్కును కొనిపోవుచుండిరి. దమాస్కసు కత్తులుగ పేరొందిన వానికి ఇట్టి ఉక్కే మూలము. 18 వ శతాబ్దమున నిర్మల దుర్గములో ఫిరంగులు పోతపోసిరి. హైదరాబాదులో నిజాము కొలువునందున్న ఫ్రెంచి సేనాని రేమాండు 1795 ప్రాంతమున స్థాపించిన ఫిరంగుల కార్ఖానా యున్న చోటు నేటికిని గన్‌ఫౌండ్రీ అనియే వ్యవహరింపబడుచున్నది. రేమాండు 1798 మార్చిలో మరణించెను. అదే సంవత్సరము అక్టోబరులో అతని దళము ఇంగ్లీషువారిచేత నిరాయుధము గావింపబడినది.

ఈ సంఘటన గమనింపదగినది. ఒక రాజ్యము తన ఆయుధమును తానే చేసికొను శక్తిని కోల్పోవుట, స్వాతంత్ర్యమును కోల్పోవుటకు తొలిమెట్టు. రాజ్యమునకు 1798 లో జరిగినది, గ్రామమునకు తరువాతి శతాబ్దిలో జరిగినది.

పంటితో చింపిన తూటా

తూటా యనగా తొలుత కాగితపు పొట్లమే. కొలిచిన మందును, గుండును ఒకే పొట్లములో జుట్టి సిపాయికి ఇచ్చుట ఐరోపా సేనల పద్ధతి. సిపాయి దానిని పంటితో చింపి, మందు గొట్టములో పోసి, గుండును దట్టించెడివాడు. 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకికి గొట్టము లోపల మెలికగాడులుండెను. గుండు వానిని పట్టుకొని తిరుగుచు వెలువడుటచే గుఱి మిక్కిలి దూరము సాగును. అట్టి తుపాకియే రైఫిలు. గుండు సులభముగ దిగుటకై పొట్లమునకు కొవ్వు పూయవలసివచ్చెను. ఆ కొవ్వు ఆవుదియు, పందిదియు నను వార్త 1857 నాటి మహావిప్లవమునకు తక్షణ కారణమైన సంగతి సర్వవిదితము. పంటితో గాక చేతితో చింపవచ్చునని సైనికాధికారులు నియమము మార్చిరి గాని, అప్పటికే విశ్వాసము చెడినది. తుపాకి నింపు విధానమే ఒక సామ్రాజ్యమును కంపింపజేసిన ఉదాహరణ మింతకంటె వేఱొకటి లేదు.

ఆ విప్లవపు అలలు ఈ సీమనుగూడ తాకినవి. 1857 జూలై 17 న తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలాఉద్దీనుల నాయకత్వమున హైదరాబాదు రెసిడెన్సీపై దాడి జరిగినది. చాందా సీమలో మోలంపల్లికి చెందిన గోండు జమీందారు బాబూరావు శెడ్మాకే 1858 లో తిరుగబడి, పట్టుబడి, అదే సంవత్సరము అక్టోబరు 21 న చాందా చెరసాలలో ఉరితీయబడినాడు. నిర్మల ప్రాంతమున రాంజీగోండు గోండులను, రోహిల్లాలను గూర్చుకొని పోరాడి 1860 లో ఉరికంబమెక్కినాడు. వార్ధకు రెండు దరుల జరిగిన ఈ రెండు పోరాటములకును ఆధారము అడవియు, గ్రామమున నింపుకొనదగిన ఆయుధమును.

దీనికి పాలకులు చేసిన ప్రతిక్రియ రెండు విధములు. మొదటిది నిరాయుధీకరణము: విప్లవకాలపు తాత్కాలిక చట్టములకు పిమ్మట 1878 లో లిట్టను ప్రభువు కాలమున ఆయుధచట్టము వచ్చినది. దానిచే తుపాకికే గాక, మందుగుండునకును అనుమతిపత్రము కావలసివచ్చెను. నిబంధనలలో ఐరోపీయులకు మినహాయింపు నిచ్చుట భారతీయుల కవమానకరముగ దోచెను. 1887 లో మదరాసున జరిగిన కాంగ్రెసు మహాసభ దీనిపై తీర్మానము చేసినది. 1930 లో గాంధీజీ వైస్రాయి ఇర్విను ముందుంచిన పదునొకండు కోరికలలోను ఆత్మరక్షణార్థము ఆయుధముల అనుమతి యొకటి. అహింసావ్రతుడే ఆ కోరికను చేర్చుటలోని అంతరార్థము, నిరాయుధత్వము స్వచ్ఛందమైన నాడే ధర్మమగును గాని విధింపబడిన నాడు కాదనుట. నిజాం రాజ్యము బ్రిటిషు ఇండియాలో భాగము కాకుండుటచే ఆ చట్టము స్వతస్సిద్ధముగ రాజురాకు వర్తింపలేదు. నది దాటినంతనే చట్టము మాఱెను.

రెండవ ప్రతిక్రియ మఱింత సూక్ష్మమైనది. 1866 లో ఇంగ్లీషుసేన వెనుకనుండి నింపు స్నైడరు తుపాకిని గ్రహించెను. కాని విప్లవానంతరము భారతీయ సిపాయిలకు ఒక తరము వెనుకటి తుపాకినే యిచ్చుట నీతిగా పాటింపబడినది. తెల్లసిపాయికి స్నైడరు దొరకిన పిమ్మటను నల్లసిపాయి కొంతకాలము మూతినుండియే నింపుకొనుచుండెను.

వేటగాని బల్లపై తూటా

ఇదే కాలమున మధ్యపరగణాల అడవులు ఇంగ్లీషు వేటగాండ్రకు విద్యాలయములైనవి. వారిలో జేమ్స్ ఫోర్సైతు ముఖ్యుడు. 1807 నాటి మతగురువు వేఱు, ఇతడు వేఱు. ఇతడు సైన్యాధికారి, మధ్యపరగణాలలో పనిచేసి, పచ్‌మఢీ కొండలలో తిరిగినవాడు. మధ్యభారతపు అడవులను వర్ణించిన ఇతని గ్రంథము 1871 లో వెలువడెను. అంతకు ముందే 1860 ల తొలినాళ్ళలో వేట రైఫిలును, దాని గుండ్లను గూర్చి ప్రత్యేకముగ నొక గ్రంథమును రచించెను. మెలికగాడుల వంపును తగ్గించి, గుండ్రని పెద్దగుండును వాడి, మందు అధికముగ నింపినచో గుండు వేగముగ, తిన్నగ పోవుననియు, దట్టమైన అడవిలో దూరమంచనా తప్పినను గుఱి తప్పదనియు ఇతని వాదము. గుండును, మందును, గాడియు ఒకదాని కొకటి యొదిగియుండవలెనను నియమము భర్మారు గల రైతునకు అనుభవవేద్యము. ఫోర్సైతు దానిని శాస్త్రముగ చెప్పెను. ఒకే విద్య ఒకరిచేత గ్రంథమైనది, మఱియొకరిచేత నేరమైనది.

పిదప ఇత్తడి తూటా వచ్చినది. దానిలో టోపి, మందు, గుండు మూడును ఒకే తొడుగులో నిమిడియుండును. పేలిన పిదప ఇత్తడి తొడుగు వ్యర్థము కాదు. దానిని శుభ్రపఱచి, నలిగిన మూతిని సరిచేసి, పాతటోపిని తీసి కొత్తది తొడిగి, మందు కొలిచిపోసి, గుండునదిమి మరల వాడవచ్చును. పట్టణములకు దూరముగ నెలల తరబడి విడిది చేయువారికి ఇది గొప్ప సౌకర్యము. గుఱిపోటీలవారు గూడ ప్రతి తూటాలోను మందు ఒకే తూకమున నుండవలెనని తామే నింపుకొనిరి. ఆ కారణముననే పాశ్చాత్యదేశములలో ఈ హస్తవిద్య నేటికిని నిలిచియున్నది.

1884 లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు పాల్ వియేయ్ పొగలేని మందును కనుగొనెను. 1889 లో ఇంగ్లండున కార్డైటు పుట్టెను. ఇవి నల్లమందుకంటె ఎన్నోరెట్లు బలమైనవి. కాని ఎండ వేడిమికి వీని ఒత్తిడి పెరుగును. చలిదేశపు లెక్కతో నింపిన తూటా ఇచ్చటి వేసవిలో ప్రమాదకరమగుచుండుటచే, ఇంగ్లండు తయారీదారులు ఉష్ణదేశములకై మందు తగ్గించిన తూటాలను వేఱుగ చేయసాగిరి. వేసవిలో నిప్పులు చెఱగు చంద్రపూర్ ఎండ నెఱిగినవారికి ఈ ఏర్పాటులోని ఔచిత్యము తెలియును. తూటాకు సైతము దేశకాలముల ననుసరించిన పథ్యము కావలసివచ్చెను.

ఇరువదవ శతాబ్ది తొలిదశకమున ఒక విచిత్రమైన నిషేధము వచ్చినది. 450 బోరు వేట రైఫిళ్ళను, వాని తూటాలను భారతదేశములోనికి రానీయరాదని ప్రభుత్వము నిర్ణయించెను. మార్టినీ–హెన్రీ అను పాత సైనిక తుపాకి బోరుగూడ అదియే యగుటచే, వేటతూటాల గుండ్లను ఊడదీసి, తిరుగుబాటుదారులు మార్టినీ తూటాలలో నింపుకొందురను భయమే దీనికి హేతువు. ఫలితముగ ఇంగ్లీషు తుపాకి కంపెనీలు 465, 470, 475 మొదలగు కొత్తబోరులను కల్పించినవి. పులివేటకు వచ్చు దొర తుపాకి కొలత మాఱుటకు కారణము, ఎచ్చటనో కొండలలో దీపపు వెలుతురున తూటా నింపుచున్న అజ్ఞాతహస్తము. అటుపిమ్మట సైనికుల 303 బోరు సామాన్యులకు నిషిద్ధమగుటచేతనే, ఈషాపూరు కార్ఖానా వేటగాండ్రకై 315 బోరు రైఫిలును చేసినది.

తూటా లేని తిరుగుబాటు

ఇత్తడి తూటా రాకతో బలాబలములు తారుమారైనవి. మందును గ్రామమున చేయవచ్చును, గుండును పోయవచ్చును. కాని టోపిలోని ప్రేలుడు రసాయనమును, పొగలేని మందును, ఇత్తడి తొడుగును గ్రామము చేయజాలదు. తుపాకి చేతికి వచ్చినను, తూటా అయిపోయిన నాడు అది ఇనుపకఱ్ఱ.

అల్లూరి సీతారామరాజు పోరాటమున నిది స్పష్టము. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగ దాడిచేసి అతడు తీసికొనినది ధనము గాదు. 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. సెప్టెంబరు 24 న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను అధికారులు కూలిన పోరు ఆ తూటాల బలిమియే. కాని శత్రువుకడనుండి తెచ్చిన తూటా శత్రువుకడకే మరల పోవలసిన అవసరమును కల్పించును. ఠాణాలు జాగరూకములైన పిమ్మట ఆ ఊట ఎండినది. 1924 మే 7 న కొయ్యూరుకడ రాజు అమరుడగుటకు పూర్వమే మన్యపు పోరునకు తూటాకఱవు సంప్రాప్తమైనది.

1940 లో ఆదిలాబాదు అడవిలోని జోడేఘాటున కొమురం భీము, అతని అనుచరులు రైఫిళ్ళు గల నిజాము పోలీసులకెదురై ప్రాణములర్పించిరి. జల్, జంగల్, జమీన్ అను హక్కులకై నిలిచిన వారి చేతులలో ఉన్నవి పాతకాలపు ఆయుధములే. జోడేఘాటును, రాజురాయు ఆనాడు ఒకే జిల్లాలోనివి. తరువాత 1946–51 నాటి తెలంగాణ సాయుధపోరాటములో వడిసెలలతో ఆరంభమై, భర్మారులతో సాగి, పట్టుబడిన రైఫిళ్ళవఱకు ఎదిగిన క్రమము కన్పట్టును. భర్మారును మరల నింపుటకు పట్టు కాలములో రైఫిలు పలుమాఱులు పేలును. అయినను దళములు దానిని విడువకపోవుటకు, దాని ఆహారమును పల్లెయే సమకూర్చగలుగుటయే హేతువు.

స్వాతంత్ర్యానంతరము

స్వతంత్ర భారతమున 1878 నాటి చట్టము తొలగి, 1959 నాటి ఆయుధచట్టము వచ్చినది. దాని ఐదవ విభాగము ఆయుధములను, మందుగుండును అనుమతి లేక తయారుచేయుటను నిషేధించుచున్నది. కాని పదమూడవ విభాగములో నొక చిన్నవాక్యము అడవియంచు రైతును మఱువలేదు: నిజముగ పంటకాపునకై మూతినుండి నింపు తుపాకిని కోరువానికి అనుమతి యొసగవలసినదిగ నది చెప్పుచున్నది. పార్లమెంటు చేసిన శాసనములో భర్మారునకు దొరకిన చోటు అది. రైఫిళ్ళ కాలమున గూడ భర్మారు కేవలము పాతవస్తువు గాదని శాసనకర్తలకు తెలిసియుండెను.

గుఱివిద్య వేఱుదారి పట్టినది. 1951 లో లోక్‌సభ తొలి అధ్యక్షుడు మావలంకరు పూనికతో జాతీయ రైఫిలు సంఘమేర్పడినది. 2012 లండను ఒలింపిక్సులో హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ కాంస్యపతకమును గెలిచినది మందులేని గాలిరైఫిలుతో. గుఱికి మందు అనివార్యము కాదని దీనివలన తేలినది.

వేట మాత్రము ముగిసినది. 1955 లో తాడోబా జాతీయోద్యానమైనది. 1972 లో వన్యప్రాణి రక్షణ చట్టము వచ్చినది. 1991 నాటి సవరణతో మిగిలిన వేట అనుమతులుకూడ రద్దైనవి. 1995 లో తాడోబా–అంధారి పులుల అభయారణ్యమును, 2012 లో ప్రాణహిత కీవలనున్న కవ్వాలును పులుల రక్షణకై నెలకొన్నవి. ఒకప్పుడు పులి తలకు బహుమతి నిచ్చిన ప్రభుత్వమే పులికి కావలి నియమించినది. ఇది న్యాయమే. ఐనను పంటపై బడు అడవిపంది బాధ తీరలేదు. భర్మారు మూలబడిన పొలములలో కరెంటుతీగ మాటువేయుచున్నది; అది పందిని, పులిని, మనుష్యుని వేఱుపఱచి చూడదు. నింపువాడు గుఱి చూచి కొట్టెడివాడు. తీగకు గుఱి లేదు, విచక్షణ లేదు. చట్టమును పాటించుచునే పంటను కాచుకొను మార్గము రైతునకు చూపబడవలసియున్నది.

చంద్రపూర్ జిల్లాలోనే, సాస్తికి ఎంతో దూరములేని భద్రావతికడ, 1960 ల దశకమున సైన్యపు మందుగుండు కార్ఖానా స్థాపితమైనది. 2021 అక్టోబరు 1 నుండి అది మ్యునిషన్స్ ఇండియా అను ప్రభుత్వ సంస్థలో భాగము. గోండు వేటగాడు మందు దంచిన సీమలోనే నేడు యంత్రములు గుండ్లు నింపుచున్నవి. నింపుట మాత్రము మాఱలేదు. నింపు చేయి మాఱినది.

ఉపసంహారము

పై విచారమువలన తేలునదేమనగా, తుపాకిని స్వాధీనపఱచుకొనిన వానికంటె, తూటాను స్వాధీనపఱచుకొనినవాడే అడవికి ప్రభువైనాడు. ఈ విద్యను గ్రామమున పునరుద్ధరింపవలెనని యెవ్వరును కోరరు. అది ప్రాణములకు, మృగములకు, శాంతికి హానికరము. పోగొట్టుకొనరానిది దాని జ్ఞాపకము. భర్మారు, రంజకము, గజము, టోపి, సురేకారము మున్నగు మాటలు రాజురా, సాస్తి, బల్లార్‌పూర్, సిరొంచ, ఆసిఫాబాదు ప్రాంతముల వృద్ధుల నోట ఇంకను మిగిలియుండవచ్చును. తెలుగు, గోండీ, మరాఠీ భాషలు కలిసిన ఈ ఎల్లసీమలో అట్టి మాటలను వ్రాసియుంచుట అచ్చటి తెలుగు కుటుంబములకే సాధ్యమగు పని. బాబూరావు, రాంజీగోండు, కొమురం భీముల పేళ్ళు శిలావిగ్రహములపై నిలిచినవి. వారి పక్షమున సీసము కరగించి, మందు దంచి, గుండు పోసిన చేతుల పేళ్ళు ఎచ్చటను వ్రాయబడలేదు. ఆ చేతులుగూడ చరిత్రలో భాగమేయని గుర్తించుట వారికి చెల్లవలసిన ఋణము.